శ్రీకాకుళం నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. మీరు నరసన్నపేటలో, మీ తమ్ముడు డాలస్‌లో. అమ్మానాన్నల్ని మొదటిసారి అక్కడికి పంపుతున్నారు. నెట్‌లో చూస్తే శ్రీకాకుళం నుంచి డాలస్‌కి 14,300 కిలోమీటర్లని వచ్చింది. విమానం గంటకు 900 పోతుంది కాబట్టి 16 గంటలన్నారు మీరు. టికెట్ చూస్తే విశాఖలో మధ్యాహ్నం 3 గంటలకు ఎక్కి, మర్నాడు పొద్దున్న 9:30కి డాలస్‌లో దిగుతారని ఉంది, అంటే పద్దెనిమిదిన్నర గంటలు. ఆ టికెట్ మీదే కింద మొత్తం ప్రయాణం 29 గంటలని ఉంది. "మేష్టారూ, ఈ మూడింట్లో ఏది నిజం?" అని అడిగారు.

నేను ఆమదాలవలస దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటుంది, నాలుగుసార్లు వెళ్ళొచ్చాం. కాబట్టి ఈ లెక్క పుస్తకంలోనూ తెలుసు, మోకాళ్ళకీ తెలుసు. మీ మూడు అంకెలూ తప్పు కాదు. కానీ మీ అమ్మానాన్నలకి పట్టే సమయం ఆ మూడింట్లోనూ లేదు. అది 36 గంటలు. ఎలాగో చెప్తాను.

ముందు దూరం సంగతి. స్కూల్లో మా దగ్గరొక గ్లోబు ఉండేది. ఎవడో పిల్లాడు కింద పడేస్తే ఆస్ట్రేలియా దగ్గర సొట్ట పడింది. దాని మీద పూలు కట్టే దారం ఒకటి తీసుకుని, ఒక కొస శ్రీకాకుళం దగ్గర బొటనవేలితో నొక్కి, రెండో కొస డాలస్ దగ్గర పెట్టి బిగించి లాగమనేవాణ్ణి. గోడ మీద మ్యాపు చూసి పిల్లలందరూ దారం అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుందనుకునేవారు. లాగి వదిలితే అది జారి జారి పైకి పోయి, తిన్నగా ఉత్తర ధ్రువం మీద నిలబడేది. క్లాసంతా ఒక్క అరుపు.

కారణం చాలా సులువు. శ్రీకాకుళం 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 96.8 డిగ్రీల పశ్చిమం మీద. రెండూ కలిపితే 180.7. అంటే మనం నారింజకాయకి ఈ తొన మీదుంటే, వాళ్ళు సరిగ్గా ఎదుటి తొన మీదున్నారు. అలాంటప్పుడు దగ్గరి దారి నడినెత్తి మీదుగానే పోవాలి. దూరం కూడా చేత్తో కట్టేయొచ్చు. మన ఊరి అక్షాంశం 18.3, కాబట్టి ఇక్కణ్ణుంచి ధ్రువానికి 71.7 డిగ్రీలు. డాలస్ 32.8 మీదుంది, ధ్రువం నుంచి అక్కడికి 57.2. మొత్తం 128.9 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసుకోండి, 14,300 వస్తుంది. నెట్ చెప్పింది ఇదే. భూమి మీద ఏ రెండు చోట్లకైనా మహా అయితే 20,000 కిలోమీటర్లే, అందులో ముప్పాతికకి దగ్గర.

ఆ దారం కింద ఏయే ఊళ్ళు వస్తాయో చూడటం నాకు ఇప్పటికీ సరదా. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దాటి, గోరఖ్‌పూర్ పక్కనుంచి నేపాల్లో పోఖరా మీదకి వస్తుంది. ముక్తినాథ్ యాత్రకి వెళ్ళినవాళ్ళకి పోఖరా తెలుసు, అది దాదాపు మన రేఖాంశం మీదే ఉంది. తర్వాత అన్నపూర్ణ శిఖరాలు, టిబెట్, కజకిస్తాన్ తూర్పు కొస, సైబీరియాలో బర్నౌల్, ఆపైన మంచు సముద్రం, ధ్రువం. అవతలి వైపు దిగితే కెనడాలో విన్నిపెగ్, అక్కణ్ణుంచి తిన్నగా కిందికి డాలస్.

మరి ఆ దారిలో విమానం ఎందుకు వేయరని అడుగుతారు. మన దగ్గర్నుంచి డాలస్‌కి ఆగకుండా పోయే విమానం లేదు. ధ్రువం మీదుగా ఎగరడం అసాధ్యమేం కాదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఎయిర్ ఇండియా మొదటి విమానం ఆ దారినే వచ్చింది. దాదాపు 14,000 కిలోమీటర్లు, నడిపినవాళ్ళంతా ఆడవాళ్ళే, కెప్టెన్ జోయా అగర్వాల్. కానీ అంత దూరం ఒక్క ఊపున పోవాలంటే మోసేదంతా ఇంధనమే. బోయింగ్ 777లో పెద్ద రకం నిండా బరువుతో లేస్తే సుమారు 350 టన్నులు, అందులో 145 టన్నుల దాకా ఇంధనం పట్టొచ్చు. ఆ ఖర్చు గిట్టాలంటే ప్రతిరోజూ సీట్లు నిండాలి. పైగా టిబెట్ పీఠభూమి మీద మరో చిక్కుంది. క్యాబిన్‌లో గాలి పీడనం పోతే విమానం వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. అక్కడ నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంటే ఎక్కడికి దిగుతుంది? అందుకే చాలా విమానాలు ఆ పీఠభూమిని చుట్టుకుపోతాయి.

ఆకాశంలో గేట్లు కూడా ఉంటాయని మర్చిపోకండి. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ తర్వాత పాకిస్తాన్ తన గగనతలం మూసింది, జులై దాకా తెరవలేదు. 2025 ఏప్రిల్లో పహల్గాం తర్వాత మన విమానాలకి మళ్ళీ మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చి, అంతకుముందు తెలిసిన గంటలన్నీ మారిపోయాయి. 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు రష్యా మీదుగా పోవడానికి లేదు. పక్కింటివాళ్ళు ఏడేళ్ళ కిందట పద్నాలుగు గంటల్లో పోయామన్నారంటే, మీకూ అంతే పడుతుందని లెక్కేసుకోవద్దు.

ఇప్పుడు మీ టికెట్ దారి చూద్దాం. విశాఖ నుంచి హైదరాబాద్ 510 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550. దుబాయ్ నుంచి డాలస్ 12,900 పైచిలుకు. కూడితే 16,000. దారం లెక్క కన్నా 1,700 కిలోమీటర్లు ఎక్కువ. ఇది చెడ్డ దారి కాదు. కొందరు విశాఖ నుంచి సింగపూర్ విమానం ఉంది కదాని అటు చూస్తారు. సింగపూర్‌కి 2,900, అక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి 13,600, మళ్ళీ డాలస్‌కి 2,350. మొత్తం 19,000కి దగ్గర. కాలిఫోర్నియా వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోవచ్చు గానీ డాలస్‌కి నేను సలహా ఇవ్వను.

గాల్లో ఉండే సమయం: హైదరాబాద్‌కి గంటుంపావు, దుబాయ్‌కి నాలుగు గంటలు, డాలస్‌కి 16 గంటలు. ఇరవై ఒకటింపావు. దుబాయ్ నుంచి డాలస్ ఒక్కటే మీరు వేసిన 16 గంటలు మింగేస్తుంది. మళ్ళీ అదే విమానం తిరుగు ప్రయాణంలో 15 గంటల లోపే వచ్చేస్తుంది. దూరం మారలేదు, విమానం మారలేదు, మరి గంటకు పైగా తేడా ఎక్కడిది?

గాలిది. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని పెద్ద గాలి ప్రవాహం ఉంటుంది, చలికాలంలో ఇంకా బలంగా. నాగావళి పొంగినప్పుడు ఏటికి అడ్డంగా ఈదినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రవాహంతో పాటు పోతే చెయ్యి కదపకుండానే ఒడ్డు దాటిపోతుంది, ఎదురీదితే బాదిన బాదుడికి అక్కడే ఉంటాం. సగటున గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి అనుకోండి. 900 కాస్తా 850 అవుతుంది, 12,900 కిలోమీటర్లకి 15 గంటల 10 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 950, పదమూడున్నర గంటలు. దీనికి రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం కలపాలి. టికెట్ మీద వేసే గంటలు గేటు వదిలిన దగ్గర్నుంచి గేటు చేరేదాకా కదా. ఈ గాలి వల్లే ఆ దారి కూడా రోజూ ఒకటే కాదు. నేను వెళ్ళినప్పుడు ఒకసారి సీటు ముందు తెర మీద రష్యా చూపించింది, ఇంకోసారి యూరప్, గ్రీన్‌లాండ్. ఆ రోజు గాలి ఎటుంటే అటు.

మా ఎనిమిదో తరగతిలో ఏటా ఒకడైనా అడిగేవాడు: "మాష్టారూ, భూమి తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి గాల్లో అలా ఆగిపోతే అమెరికా దానంతటదే కిందికి రాదా?" రాదు. మన ఊరి దగ్గర భూమి గంటకు 1,500 కిలోమీటర్ల పైన తిరుగుతున్నా, గాలి కూడా దాంతోనే తిరుగుతోంది, విమానం ఆ గాలిలోనే ఉంది. రైల్లో కూర్చుని జామకాయ పైకెగరేస్తే వెనక పెట్టెలో పడదుగా. వాళ్ళలో ఒకడు ఇప్పుడు బెంగళూరులో ఇంజనీరు, ఫోన్ చేసినప్పుడల్లా ఇదే గుర్తుచేసి నవ్వుతాడు.

ఇక పద్దెనిమిదిన్నర గంటల మాయ. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే ఉంటుంది. డాలస్ గడియారం మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మీ టికెట్ వేసవిది కాబట్టి పొద్దున్న 9:30కి పదిన్నర కలపండి. అప్పటికి మన దగ్గర రాత్రి 8. ముందురోజు మధ్యాహ్నం 3 నుంచి ఇవాళ రాత్రి 8 దాకా 29 గంటలు. మీ టికెట్ సరిగ్గానే చెప్పింది. అందులో గాల్లో ఇరవై ఒకటింపావు, మిగిలిన ఏడుంముప్పావు హైదరాబాద్‌లో, దుబాయ్‌లో కూర్చోవడమే. వచ్చేటప్పుడు ఇదే తిరగబడుతుంది, ఒక తేదీ చేతిలోంచి జారిపోతుంది. ఇంటికి రావలసిన రోజు మీ నాన్నగారు పంచాంగం చూసి పెట్టుకుంటే ఈ సంగతి ముందే చెప్పండి.

29కి ముందూ వెనకా ఉన్నది ఎవరూ లెక్కవేయరు. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం, అక్కణ్ణుంచి ఎచ్చెర్ల, రణస్థలం, భోగాపురం, తగరపువలస, ఆనందపురం. హైవే మీద బాగానే పోతుంది. విశాఖ ఊళ్ళోకి వచ్చాక ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర పావుగంట పడుతుందో ముప్పావుగంట పడుతుందో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి. 3 గంటల విమానానికి ఇంటి దగ్గర పది గంటలకల్లా కారు కదలాలి. అంటే ఐదు గంటలు. డాలస్‌లో దిగాక ఇమ్మిగ్రేషన్ లైను, సామాను, మీ తమ్ముడి కారులో ఇల్లు చేరడం, మరో రెండు గంటలు. మొత్తం 36 అని నేనన్నది ఇదే. భోగాపురం ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కే టికెట్ అయితే మనకి రోడ్డు దాదాపు సగానికి తగ్గుతుంది, శ్రీకాకుళం నుంచి సుమారు 60 కిలోమీటర్లే. టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టో రెండుసార్లు చదవండి. తప్పు ఎయిర్‌పోర్టుకి వెళ్ళి నిలబడితే విమానయాన మంత్రి మన జిల్లా ఎంపీ అయినా విమానం ఆగదు.

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోటు చెప్తాను, జాగ్రత్తగా చదవండి. మా మొదటి ప్రయాణానికి టికెట్లు తీసినాయన, పేరెందుకులెండి, విశాఖ–హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్ నుంచి డాలస్ ఇంకో టికెట్ తీశాడు. నాలుగు వేలు మిగిల్చానని చెప్పాడు. విశాఖ విమానం రెండున్నర గంటలు లేటు. హైదరాబాద్‌లో దిగి, సామాను బెల్టు దగ్గర నాలుగు పెట్టెలు ఏరుకుని, పైకి పరిగెత్తేసరికి కౌంటరు మూసేశారు. మా ఆవిడ ఆవకాయ జాడీ ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయింది. ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ భయమేసింది. రెండు టికెట్లూ వేరు కాబట్టి మొదటి కంపెనీ "మాకు సంబంధం లేదు" అంది, రెండో కంపెనీ "మీరే రాలేదు" అంది. ఇద్దరూ చెప్పింది రూలే. కొత్త టికెట్‌కి పెట్టిన డబ్బుతో ఇంట్లో ఫ్రిజ్ వచ్చేది.

మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద, అంటే ఒకే బుకింగ్ నంబరు మీద ఉందో లేదో ఇవాళే చూడండి. ఉంటే ఒక విమానం లేటయినా తర్వాతి దాంట్లో సర్దే బాధ్యత వాళ్ళది, సామాను కూడా మామూలుగా విశాఖలో ఇచ్చింది డాలస్‌లోనే తీసుకోవచ్చు. చెకిన్ దగ్గర పెట్టెకి వేసే ట్యాగు మీద చివరి ఊరు డాలస్ అని ఉందా అని అడగమనండి. ఒకే పీఎన్‌ఆర్ కాకపోతే ముందురోజే హైదరాబాద్ చేరి ఏ బంధువుల ఇంట్లోనో పడుకోవడం మేలు. ఆ పనికి రైలైనా చాలు, శ్రీకాకుళం రోడ్డులో ఎక్కితే ఒక రాత్రి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ప్రయాణమైతే ఏ టికెట్ అయినా నా సలహా ఇదే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి విశాఖ ఎయిర్‌పోర్టు పైకప్పే ఎగిరిపోయింది, రోజుల తరబడి విమానాల్లేవు. 2018లో తిత్లీ మన ఉద్దానాన్ని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా.

దుబాయ్‌లో మీకు రెండున్నర గంటలు ఉంది. కుర్రాళ్ళకి ఎక్కువే. కానీ మొదటిసారి వెళ్ళే పెద్దవాళ్ళకి ఆ ఎయిర్‌పోర్టు ఒక టౌను, గేటు మారిందంటే కాళ్ళు పీకుతాయి. ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టించండి, నడవడం కష్టమైనవాళ్ళకి డబ్బులు తీసుకోరు. "నాకేం రోగం" అని మీ నాన్నగారు అంటారు, మా అన్నయ్య కూడా అన్నాడు. అది బొత్తిగా నడవలేనివాళ్ళకి మాత్రమే కాదు, ఎక్కువ దూరం నడవలేని పెద్దవాళ్ళకి కూడా అని చెప్పండి. సామాన్లో గసగసాలు మాత్రం పెట్టొద్దు. మన వంటింట్లో మామూలు దినుసే గానీ దుబాయ్‌లో నిషిద్ధం. మసాలా పొడిలో కలిపి దంచినా వద్దు.

పదహారు గంటల విమానంలో క్యాబిన్ గాలి దాదాపు రెండు కిలోమీటర్ల ఎత్తున్న కొండ మీద గాలిలా ఉంటుంది, అరకుకి రెట్టింపు ఎత్తు. బాగా పొడిగా కూడా ఉంటుంది. గొంతు ఆరుతుంది, కాళ్ళు వాస్తాయి. రెండు గంటలకోసారి లేచి నడవాలి. నడవడానికి వీలుగా నడవా పక్క సీటు తీసుకోండి, కిటికీ సీటుకి ముచ్చటపడొద్దు. బయట చాలాసేపు మబ్బు తప్ప ఏమీ కనపడదు. షుగరు, బీపీ మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతి సంచీలోనే ఉండాలి. టైము మారుతుంది కాబట్టి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీ డాక్టర్ని ముందే అడిగి తెలుగులో రాసివ్వండి. ఇన్సులిన్ వాడుతుంటే ఇది తప్పనిసరి. శాకాహారం అయితే ఆ సంగతి ఒక రోజు ముందే కంపెనీకి చెప్పాలి, విమానం ఎక్కాక చెప్తే బ్రెడ్డే గతి.

ఇంకొక్కటి, మీ కోసం. హైదరాబాద్‌లో ఎక్కేముందు ఒకసారి, దుబాయ్‌లో వైఫై దొరికితే ఒకసారి ఫోన్ చేస్తారు. దుబాయ్ విమానం అక్కడ తెల్లవారుజాము 2:30కి కదులుతుంది, మీ గోడ గడియారంలో అప్పుడు 4. ఆ తర్వాత రాత్రి 8 దాకా వాళ్ళ ఫోన్లు కలవవు. ఆ రోజంతా మీరు టెన్షన్ పడకండి, మీ తమ్ముణ్ణీ పడనివ్వకండి. విమానం నంబరు నెట్‌లో కొడితే ఎక్కడుందో బొమ్మ మీద కనిపిస్తుంది. దిగి, లైన్లో నిలబడి, బయటికి వచ్చేసరికి మనకి తొమ్మిదిన్నర, పది అవుతుంది. అప్పటిదాకా ఫోన్ రాకపోయినా కంగారేం లేదు.